మోకాలి నొప్పికి జెల్ రాయడం గురించి చెల్లికి

చెల్లీ,

నిన్న ఫోన్‌లో "జెల్ రాసినా ఏం లాభం లేదక్కా, డబ్బు దండగ" అన్నావు. ఎలా రాస్తున్నావని అడిగితే, నొప్పి భరించలేని రాత్రి బఠాణీ గింజంత రాసుకుని పడుకుంటున్నానన్నావు. అప్పటి నుంచి మనసు ఊరుకోలేదు. పదకొండేళ్లుగా అరిగిన మోకాళ్లతో ఎంవీపీ కాలనీలో రెండంతస్తుల మెట్లు ఎక్కి దిగుతున్నదాన్ని, నా మాట విను.

నువ్వు దాన్ని అమృతాంజనంలా వాడుతున్నావు. బామ్ చర్మాన్ని చురుక్కుమనిపించి నొప్పిని కాసేపు మరిపిస్తుంది. డైక్లోఫెనాక్ జెల్ అలా కాదు, చర్మంలోంచి ఇంకి కీలు దగ్గర వాపు మీద పనిచేస్తుంది. రాయగానే తగిలే చల్లదనం అందులో కలిపిన మెంథాల్‌ది. దాన్నిబట్టి మందు పనిచేసిందో లేదో తేల్చకు.

కొలత ముఖ్యం. మోకాలికి ఒకసారికి 4 గ్రాములు. నేను కుట్టు టేపు పక్కన పెట్టుకుని ట్యూబ్ నొక్కి చూశాను, దాదాపు నాలుగున్నర అంగుళాల గీత వచ్చింది. దాన్ని చిప్ప మీద ఒక్కచోటే కాకుండా రెండు పక్కలా, వెనక మడత దాకా మెల్లగా పరచాలి. రోజుకు మూడు, నాలుగుసార్లు, డాక్టర్ చెప్పినట్టు. ఇలా రాస్తే 30 గ్రాముల ట్యూబ్ ఒక్క మోకాలికి ఏడుసార్లకే అయిపోతుంది. ఖర్చుకు భయపడే అందరూ పిసరంత రాస్తారు, పనిచేయలేదంటారు. జన ఔషధి షాపులో అడుగు, తక్కువకే దొరుకుతుంది. గుణం కనిపించడానికి వారం పట్టొచ్చు. మూడు వారాలకీ తేడా లేకపోతే మళ్లీ డాక్టర్ దగ్గరికి వెళ్లు.

మన విశాఖ ఉక్కలో చెమట మీద రాస్తే జారిపోతుంది. బీచ్ రోడ్డులో నడిచొచ్చి, స్నానం చేసి, బాగా తుడుచుకున్నాక రాయి. పది నిమిషాలు ఆరనివ్వు, గంటసేపు నీళ్లు తగలనివ్వకు. రాసిన చోట ఎండ పడకూడదు. చేతులు కడుక్కో, ఆ వేళ్లతో కళ్లు నలుపుకోకు. పుండు, గీరుడు ఉన్నచోట రాయొద్దు. రాసి పైన గట్టిగా కట్టు కట్టడం, వేడినీళ్ల సంచి పెట్టడం అసలు వద్దు. నేను ఒకసారి నీక్యాప్ తొడిగి పైన కాపడం పెట్టాను. తెల్లారేసరికి చర్మం ఎర్రగా కంది, నాలుగు రోజులు దురద.

అన్నిటికన్నా నాకు టెన్షన్ నీ మాత్రల గురించే. జెల్‌తో పాటు మెడికల్ షాపువాడు ఇచ్చిన నొప్పి బిళ్లలు కూడా మింగుతున్నావు కదా? రెండూ ఒకే జాతి మందులు, కలపకూడదు. అసలే నీకు బీపీ. ఆ బిళ్లలు రోజూ వేసుకుంటే కడుపులో పుండ్లు పడొచ్చు, బీపీ పెరగొచ్చు, కిడ్నీలు దెబ్బతినొచ్చు. నేను రెండు నెలలు మింగి గుండెల్లో మంటతో ఎంత బాధపడ్డానో నీకు తెలుసు. జెల్ రాస్తే రక్తంలోకి చేరేది బిళ్లతో పోలిస్తే నూటికి ఆరు వంతులే. అందుకే మన వయసువాళ్ల మోకాళ్లకు ముందు జెల్ వాడి చూడమంటారు. అలాగని పూర్తిగా నిరపాయం కాదు. కిడ్నీ జబ్బు, గుండె జబ్బు, ఆస్తమా, రక్తం పలచబడే మందులు, వీటిలో ఏది ఉన్నా డాక్టర్‌కు చెప్పే మొదలుపెట్టాలి.

మరిదిగారి తుంటి నొప్పికి నీ ట్యూబ్ ఇవ్వకు. ఆ కీలు చాలా లోతు, పైన రాసింది అక్కడిదాకా అందదు. ఆయన్ని వేరుగా చూపించు.

జెల్ అరిగిన కీలును తిరిగి తేదు, నొప్పి తగ్గిస్తుంది అంతే. ఆ తగ్గిన వేళ కుర్చీలో కూర్చుని కాలు చాపి ఐదు అంకెలు లెక్కపెట్టి దించు, తొడ కండ బలపడుతుంది. ఆషాఢ పౌర్ణమికి సింహాచలం గిరి ప్రదక్షిణ అంటున్నావు, 32 కిలోమీటర్లు ఈ ఏడు వద్దమ్మా. కొండ మీదికి బస్సులో వెళ్లి అప్పన్నను చూసొద్దాం.

ఆదివారం గాజువాక నుంచి వచ్చేటప్పుడు నీ ట్యూబూ, ఆ బిళ్లల అట్టలూ పట్టుకురా. టేపు పెట్టి కొలిచి చూపిస్తాను.

నీ అక్క