మా ఊరి చరిత్ర మేమే రాసుకోవచ్చా?

ప్రశ్న: తాతల కాలంలోనే నెల్లూరు పల్లె వదిలి చెన్నై వచ్చేశాం. ఐర్లండ్ పల్లెల్లో జనమే ఊరి చరిత్ర, వంశవృక్షాలు రాసుకుంటారట. మాకూ కుదురుతుందా?
– పాఠకురాలు, పెరంబూరు

జవాబు: తప్పకుండా కుదురుతుందండి. అక్కడ 1922లో డబ్లిన్ రికార్డాఫీసు తగలబడి 1821 నుంచి 1851 దాకా తీసిన జనాభా లెక్కలు చాలావరకు పోయాయి, అందుకే సమాధి రాళ్ల మీది రాతలూ చర్చి రిజిస్టర్లూ వాళ్లకి అంత ముఖ్యం. 1937–39లో అయితే బడిపిల్లలే ఇంట్లో పెద్దవాళ్లని అడిగి పాత కోటలు, పవిత్రమైన బావులు, ఊరి కథలు నోటుపుస్తకాల్లో రాసుకొచ్చారు, సుమారు 50,000 మంది! మీరూ ముందు పెద్దవాళ్ల మాటలు ఫోన్‌లో రికార్డు చేయండి. ఇంటిపేరు, గోత్రంతో ఆగకండి; చెరువు కింద ఏ మడిని ఏమనేవాళ్లో, ఆడపిల్లల్ని ఏ ఊరిచ్చారో అడగండి, వంశవృక్షాల్లో ముందు మాయమయ్యేది ఆడవాళ్ల పేర్లే. బ్రిటిష్ అధికారి కాలిన్ మెకంజీ సేకరించిన ఊళ్ల కైఫీయతులు, అంటే ఊరి చరిత్ర వివరాలు, చెన్నై ప్రాచ్య లిఖిత గ్రంథాలయంలో ఉన్నాయి, మీ ఊరిది ఉందేమో చూడండి.