ఎంగమ్మా అని పిలిస్తే

నెల్లూరు,
నర్రవాడ తిరునాళ్ల ముగిసిన వారం

చిరంజీవి వెంగమాంబకు,

నీ కవరు మంగళవారం అందింది. కథ రెండుసార్లు, దాని వెనక పిన్ను కొట్టి పంపిన 'నా పేరు' వ్యాసం మూడుసార్లు చదివాను. కథ సంగతి ఇంకో ఉత్తరంలో రాస్తాను, దానికి తొందరేం లేదు. ఇప్పుడు వ్యాసం గురించే మాట్లాడాలి. ఎందుకంటే చివర్లో చిన్న అక్షరాలతో ఒక మాట చేర్చావు: "మేడమ్, ఇకనుంచి సంహిత అనే కలం పేరుతో రాద్దామనుకుంటున్నా, మీరేమంటారు?" అని. పేరు గురించి నాలుగు పేజీలు రాసి, చివర్లో ఆ పేరే వద్దంటున్నావు. చదవగానే నవ్వొచ్చింది. తర్వాత నవ్వినందుకు సిగ్గేసింది. ఎందుకో కింద చెప్తాను.

ముందు వ్యాసం. "వెంగమాంబ అరుదైన స్త్రీ నామం. దీని అర్థం దైవస్వరూపిణి. ఈ పేరు గలవారు శాంతస్వభావులు. అదృష్ట సంఖ్య 6, కలిసొచ్చే రంగు తెలుపు." ఇది ఎవరి గురించి రాశావమ్మా? వెంగమాంబ తీసేసి ఆ చోట లలితాంబ అని పెట్టి చదువు, ఎక్కడా తట్టుకోదు. పేర్ల పుస్తకంలోంచి దించిన మాటలు అంతే, ఎవరికైనా సరిపోతాయి. నువ్వు శాంతస్వభావివో కాదో నాకు తెలీదు గానీ, నీ కథలో అత్తగారి చేత అనిపించిన మాటలు చూస్తే మాత్రం అనుమానంగానే ఉంది.

అర్థం చెప్పాలంటే మాటను విప్పి చూపించు. వెంగ అంటే వేంకటే. మనం వేంకటం అనే కొండను తమిళులు వేంగడం అంటారు. సున్న పక్కన క వస్తే వాళ్ల నోట్లో అది గ అయిపోతుంది. వాళ్ల పాత వ్యాకరణ గ్రంథం తొల్కాప్పియం ముందుమాటలో తమిళ దేశానికి ఉత్తరాన హద్దు వేంగడం, దక్షిణాన కుమరి అని ఉంది. అంటే మన వెంకన్న కొండ ఒకప్పటి పొలిమేర రాయి. ఆ రాయికి ఇవతల, దగ్గర్లోనే మనం ఉన్నాం. మన వీధుల్లో వెంకయ్యా కనిపిస్తాడు, వెంగయ్యా కనిపిస్తాడు. వెంకమ్మ గోడ అవతల వెంగమ్మ ఉంటుంది. పొలిమేరలో కాపురం చేసే జనం నోట్లో రెండు పలుకులూ నిలిచిపోయాయని చెప్పడానికి నాకు ఇంతకంటే మంచి సాక్ష్యం అక్కర్లేదు. 'వేం' అంటే పాపాలు, 'కట' అంటే కాల్చేది అని పురాణం చెప్పేవాళ్లు విడగొడతారు చూడు, అదీ రాయి. కాకపోతే అది భక్తులు చెప్పుకునే అర్థమని చదివేవాడికి తెలిసేలా రాయి.

ఇక చివర ఉన్న అంబ. పొయ్యి దగ్గర మంగమ్మ, శుభలేఖలో మంగమాంబ. మన ఆడవాళ్ల పేర్లకి ఇంటి చీర ఒకటి, పెళ్లికి కట్టే పట్టుచీర ఒకటి. నీ స్కూలు సర్టిఫికెట్లో ఉన్నది పట్టుచీర. మరి ఇంట్లో? మీ నాయన చేలోంచి కేకేస్తే ఏమని కేకేస్తాడు? నాలుగు పేజీలూ వెతికాను, ఎక్కడా లేదు. మన పల్లెల్లో వెంగమ్మ అని రాస్తారు గానీ పలికేటప్పుడు ఎంగమ్మే. వెంకటేశు ఎంకటేశు అయినట్టు. ఆ 'ఎ' ఒక్కటి నీ వ్యాసంలో వినిపించి ఉంటే అదృష్ట సంఖ్యను కూడా క్షమించేదాన్ని.

కొన్నేళ్ల కిందట నేను నర్రవాడలో వెంగమాంబ తల్లి తిరునాళ్లకి వెళ్లాను. దుత్తలూరు వైపు జ్యేష్ఠంలో ఎండ ఎట్టా ఉంటుందో నీకు చెప్పక్కర్లేదు. చలివేంద్రం పక్కన కాస్త నీడ దొరికితే నిలబడ్డాను. మైకులో ఒకతను అరుస్తున్నాడు: "ఎర్ర చొక్కా, నీలం నిక్కరు, నాలుగేండ్ల పిల్లోడు తప్పిపోయినాడు. నాయనమ్మ పేరు ఎంగమ్మ అంటున్నాడు. ఎంగమ్మ యాడున్నా మైకు కాడికి రావాల." కాసేపటికి పదకొండు మంది వచ్చారు. నేను లెక్కపెట్టాను, పాడు అలవాటు. ఒకామె నెత్తి మీద పొంగలి తపేలా దించకుండానే వచ్చింది. ఇంకొకామె చంకలో ఆమె మనవడు ఉండనే ఉన్నాడు, అయినా వచ్చింది. "నీ మనవడు నీ దగ్గరే ఉన్నాడు గదమ్మా" అంటే "పిలిచినారు గదా" అంది. మైకతను తల పట్టుకుని "మీ ఊరు ఏదిరా నాయనా" అంటాడు. పిల్లోడు ఏడుస్తూ "మా ఊరే" అంటాడు. చివరికి పన్నెండో ఎంగమ్మ పరిగెత్తుకుంటూ వచ్చి, వాడి వీపున ఒకటిచ్చి, ఆ చేత్తోనే కళ్లు తుడిచి తీసుకుపోయింది.

ఆ పన్నెండు మందిలో నలభై ఏళ్ల లోపు మనిషి ఒక్కరూ లేరు. "ప్రస్తుతం ఈ పేరుకు ఆదరణ తగ్గింది" అని రాశావే, ఆ వాక్యం కొట్టేసి నీ కంట్లో పడ్డ ఇలాంటిదొకటి పెట్టు. మైకు దగ్గరికి ఎవరొచ్చారో చూపిస్తే చాలు, తగ్గిందో పెరిగిందో చదివేవాడే తేల్చుకుంటాడు.

నీది మొక్కు పేరని రాశావు. మీ అమ్మ నర్రవాడలో మొక్కుకుంటే పుట్టావు కాబట్టి ఆ తల్లి పేరు పెట్టారు. బాగుంది. అక్కడి వెంగమాంబను పేరంటాలు అంటారు. ఆ మాటను నువ్వు విప్పకుండా వదిలేశావు. పేరంటాలు అంటే వట్టి ముత్తైదువ కాదు. భర్త వెంట అగ్నిలో అడుగుపెట్టి, పోయాక ఊరి చేత పసుపు కుంకుమలు పెట్టించుకుంటున్న ఇల్లాలిని మన సీమలో పేరంటాలని కొలుస్తారు. ఇది రాయడానికి నీ చెయ్యి వెనకాడి ఉంటుంది, అర్థం చేసుకోగలను. రాసేటప్పుడు రెండు పనులు మాత్రం చెయ్యకు. ఆ చావును గొప్ప చెయ్యకు. అక్కడ మొక్కుకునే ఆడవాళ్లను వెక్కిరించకు. పిల్లలు లేక అత్తింట్లో మాటలు పడి, బస్సెక్కి ఒంటరిగా వచ్చి ఆ గుడి ముందు కూర్చున్న మనిషికి అక్కడ దొరికేది ఏంటో దూరం నుంచి మనకి తెలీదు. మీ అమ్మకి తెలుసు.

రెండో వెంగమాంబ తరిగొండ ఆవిడ. నువ్వు ఆమెకి ఒకటిన్నర వాక్యం కేటాయించావు. అదృష్ట సంఖ్యకి రెండు. ఆమె 1730లో, వాయల్పాడు దగ్గర తరిగొండలో పుట్టింది. చిన్నతనంలోనే పెళ్లి, ఆ వెంటనే భర్త పోవడం. అప్పట్లో భర్త పోతే జుట్టు తీయించుకోవాలి, బొట్టు చెరుపుకోవాలి. ఆమె ఒప్పుకోలేదు. మొండికేసింది. తరిగొండ నరసింహస్వామిని పట్టుకుని పద్యాలు అల్లింది. తర్వాత తిరుమల చేరి, 1817లో పోయేదాకా అక్కడే ఉంది. వేంకటాచల మాహాత్మ్యం రాసింది ఆవిడే. ఇప్పటికీ కొండ మీద రాత్రి ఏకాంత సేవలో ముత్యాల హారతి ఆమె పేరు మీదే ఇస్తారు. తాళ్లపాక వారి లాలి, తరిగొండ వారి హారతి అని నానుడే ఉంది. కొండ మీద నువ్వు ఎప్పుడైనా అన్నప్రసాదం తిన్నావా? ఆ భవనం మీద ఉన్న పేరు నీదే.

నాకైతే నీ వ్యాసం మొత్తం ఇక్కడుంది. ఒకటే పేరు. ఒకామె భర్తతో పాటు వెళ్లిపోయి దేవత అయింది. ఇంకొకామె భర్త పోయాక కూడా ఉండి, ఊరితో గొడవ పడి, కవయిత్రి అయింది. మీ అమ్మ మొదటామెను తలుచుకుని నీకు పేరు పెట్టింది. నువ్వేమో చూస్తూ చూస్తూ రెండో ఆమె చేసే పనిలో దిగావు. దీని మీద నీకేం అనిపిస్తోందో రాయి. నేను చెప్పను, నాకూ పూర్తిగా ఒక వైపు తేలలేదు.

మూడో పేజీలో ఒక లైను రాసి కొట్టేశావు. గీతల కింద నుంచి చదివాను, ఏమనుకోకు. ఎనిమిదో తరగతిలో నిన్ను 'వెంగళప్ప' అని ఏడిపించారని. అది ఎందుకు కొట్టేశావు? నీ పేరు ఎందుకు కరువైందో తెలిసేది అక్కడే. వెర్రిబాగులవాడిని వెంగళప్ప అనడం తెలుగులో అందరికీ అలవాటైపోయాక, ఏ తల్లి ఆ శబ్దం వచ్చే పేరు పిల్లకి ధైర్యంగా పెడుతుంది? మొక్కు తీరాలి కాబట్టి బారసాలనాడు బియ్యంలో వెంగమ్మ అని రాస్తారు, బళ్లో హాసిని అని రాయిస్తారు. మా వీధిలోనే అట్టాంటి పిల్లలు ఇద్దరున్నారు. ఒక పేరు దేవుడికి, ఒక పేరు హాజరు పట్టీకి.

మా పెద్దమ్మ పేరు వెంగమ్మ. ఆధార్‌లో వెంగమ్మ, పట్టాదారు పాసుపుస్తకంలో వెంకమ్మ. ఎకరా ముప్పై సెంట్ల మెట్ట. ఆ 'గ' కోసం ఒక ఆఫీసు చుట్టూ ఏడాదిన్నర తిరిగాం. నోటరీ అఫిడవిట్, ఇద్దరు సాక్షులు, మళ్లీ సర్వరు పనిచెయ్యలేదని రేపు రమ్మనడం. "ఈ ఇద్దరూ ఒకరేనని రుజువేంది?" అని అక్కడ గుమస్తా అడిగితే పెద్దమ్మ, "నాయనా, నువ్వు ఎట్టా పిలిచినా పలుకుతా. భూమి మటుకు నా పేరున రాయి" అంది. వేంగడం, వేంకటం అని నేను పైన రాసిన భాషాశాస్త్రమంతా ఆ కౌంటరు దగ్గర ఎందుకూ పనికి రాలేదు.

ఇప్పుడు సిగ్గు సంగతి. నేనూ నీలాగే చేశాను. నా మొదటి మూడు కథలు వేరే పేరుతో అచ్చయ్యాయి, ఇప్పుడా పేరు చెప్పడానికి మొహమాటంగా ఉంది, అంత వెన్నెల్లో నానబెట్టిన పేరు. మొదటి కథ వచ్చిన వారపత్రిక పట్టుకుని పరిగెత్తుకుంటూ పెద్దమ్మ దగ్గరికి వెళ్లాను. చదువు రాని మనిషి. పక్కింటి పిల్లను పిలిచి, వేలు పెట్టి చూపించి, రాసినవాళ్ల పేరు చదివించుకుంది. విని, పత్రిక నా చేతికిచ్చేసి, "ఇదెవురో రాసింది గదమ్మే. నీది యాడ?" అంది. నాది అదే పెద్దమ్మా అని ఎంత చెప్పినా ఆమెకి నమ్మకం కుదర్లేదు. నాలుగో కథ నుంచి నా పేరు నేను పెట్టుకున్నాను. ఆ కథ అచ్చయ్యేనాటికి పెద్దమ్మ లేదు.

కలం పేరు పెట్టుకోవడం తప్పని నేననను. ఇంట్లో వాళ్ల భయం ఉంటే, ఉద్యోగానికి ఇబ్బందైతే పెట్టుకో. పేరు పాతగా ఉందని మాత్రం పెట్టుకోకు. సంహిత పేరుతో రాసేవాళ్లు నాకు తెలిసి ఇప్పటికే ముగ్గురున్నారు. పారితోషికం చెక్కు ఒకరిది ఇంకొకరికి పోయే ప్రమాదం కూడా ఉంది. వెంగమాంబ అన్న సంతకం చూస్తే ఏ ఎడిటరూ ఇంకెవరో అనుకోడు.

వ్యాసం తిరగరాసే ముందు మీ అమ్మను కూర్చోబెట్టి అడుగు. మొక్కుకోమని చెప్పింది ఎవరు? నర్రవాడకి బస్సులో వెళ్లిందా, ట్రాక్టరెక్కిందా? గుడి ముందు కూర్చుని ఏమని అడిగింది? పుట్టింది ఆడపిల్లని తెలిసినప్పుడు మీ నాయనమ్మ ఏమంది? ఫోనులో రికార్డు పెట్టకు, ఆమె మాట మారిపోతుంది. పప్పు ఎనుపుతున్నప్పుడో, బియ్యంలో రాళ్లు ఏరుతున్నప్పుడో అడుగు. నువ్వు కూడా చేత్తో ఏదో ఒక పని పెట్టుకో.

కథ గురించి తర్వాత రాస్తానన్నాను గానీ, ఒక్క మాట మాత్రం ఆగదు. ఉదయగిరి కొండ కింద గొర్రెలు మేపే డెబ్బై ఏళ్ల ముసలమ్మకి జాహ్నవి అని పేరు పెట్టావు. ఆ పేరు ఎవరు పెట్టారమ్మా ఆమెకి? మార్చి పంపు. తిరుగు కవరుకి స్టాంపులు అంటించక్కర్లేదు, నా దగ్గరున్నాయి.

ఆశీస్సులతో,
నీ మేడమ్
(మేడమ్ కూడా మానెయ్. పెద్దమ్మా అను.)