జెండా ఎగరవేస్తామా, ఆవిష్కరిస్తామా?

సందేహం: మా కాలనీ ఆహ్వానపత్రంలో 'జెండావిష్కరణ' అని వేయించాం. ఆగస్టు 15న 'ఎగరవేయడం', జనవరి 26న 'ఆవిష్కరించడం' అనాలని వాట్సాప్ గ్రూపులో ఒకరు దిద్దారు. అసలు 'ఎగురవేయడం' అనాలని ఇంకొకరు. ఏది ఒప్పు?
– ఒక పాఠకురాలు, ఉప్పల్, హైదరాబాద్

సమాధానం: తేలికైనది ముందు తేల్చేద్దాం. ఎగురవేయు, ఎగరవేయు రెండూ ఒప్పే. అడుగు 'అడగ', చదువు 'చదవ', తిరుగు 'తిరగ' అయినట్టే వాడుకలో ఎగురు 'ఎగర' అవుతుంది. 'అడుగక, చదువక' అని రాసేవారు ఎగురవేయు అనే రాసుకోవచ్చు. మిగతాదంతా వాడుక భాషలో రాసి, జెండా దగ్గరికి వచ్చేసరికి గ్రాంథికం పట్టుకోనక్కర్లేదు.

అసలు చిక్కు ఆవిష్కరణతోనే. సంస్కృతంలో 'ఆవిస్' అంటే బయటికి, కళ్లెదుటికి. కనబడకుండా ఉన్నదాన్ని కనబడేట్టు చేయడం ఆవిష్కరణ. విగ్రహం మీది గుడ్డ లాగుతాం, పుస్తకానికి చుట్టిన రంగు కాగితం విప్పుతాం. జెండాను మడిచి, స్తంభం కొనకు జారుముడితో కట్టి, తాడు లాగగానే విచ్చుకునేట్టు చేస్తే అదీ ఆవిష్కరణే. కింద తాడుకు కట్టిన జెండాను అందరూ చూస్తుండగా పైకి లాగితే మాత్రం అక్కడ దాచిందేమీ లేదు, కనుక అది ఎగరవేయడం. దీనికే సంస్కృతపు పేరు కావాలంటే ధ్వజారోహణం ఉండనే ఉంది. తిరుమల బ్రహ్మోత్సవాలు గరుడ ధ్వజం ఎక్కించడంతో మొదలై ధ్వజావరోహణంతో ముగుస్తాయి.

1947లో జెండా కొత్తగా పైకి వెళ్లింది, 1950 నాటికి పైనే ఉంది, అందుకే రెండు మాటలు అని వాట్సాప్ వాదన. వినసొంపుగానే ఉంది. కానీ మన బడుల్లో, అపార్ట్‌మెంట్లలో రెండు రోజులూ జెండాను పైనే ముడివేసి ఉంచుతారు. లోపల పూలరేకులు పెట్టుకోవడానికి 2002 నాటి జెండా నియమావళి కూడా ఒప్పుకుంది. అలాంటి చోట ఆగస్టు 15న ఆవిష్కరణ అంటే తప్పెందుకవుతుంది? మీ తాడు ఎలా కట్టారో చూసి మాట ఎంచుకోండి.

మీ కార్డులో దిద్దాల్సింది వేరే ఉంది. 'జెండా' సంస్కృతం కాదు కాబట్టి దానికి సవర్ణదీర్ఘం అతకదు. పతాకావిష్కరణ అనండి, లేదా 'జెండా ఆవిష్కరణ' అని విడిగా రాయండి. అలాగని జెండాను పరాయి మాటగా చూడకండి. ఖమ్మం మిర్చి యార్డులో ధర తేల్చే వేలం పేరు 'జెండా పాట'. తెలంగాణలో ఈ రెండు రోజులకూ జనం పెట్టుకున్న పేరు జెండా పండుగ.

ఇంకో మాట. జెండా ఎత్తడం వేరు, ఎత్తేయడం వేరు. దుకాణం ఎత్తేశారంటే ఏమిటో తెలుసు కదా! సంతాప దినాల్లో పత్రికలు రాసే 'అవనతం' అంటే వంచినది అని అర్థం. జెండాను మనం వంచం, సగానికి దించుతాం. అదీ నేరుగా కాదు, ముందు కొనదాకా ఎక్కించి ఒక్క క్షణం ఉంచి, ఆ తర్వాతే. సాయంత్రం తీసేటప్పుడూ మళ్లీ పైదాకా తీసుకెళ్లే దించాలి. కాబట్టి 'సగానికి దించారు' అనే తెలుగే నాకు ఇష్టం. 'అవనతం' బాగా పాతుకుపోయింది, దాన్ని పీకేయమని పోరు పెట్టను.

పోయిన ఆగస్టు 15న నల్లకుంటలో మా అపార్ట్‌మెంట్ వాళ్లు తాడు లాగే పని నాకు అప్పగించారు. లాగాను, ముడి ఊడలేదు. ఇంకాస్త గట్టిగా లాగితే ఇంకా బిగిసింది. పిల్లలు నవ్వు ఆపుకుంటున్నారు, నాకు టెన్షన్. చివరికి వాచ్‌మన్ జెండాను మెల్లగా కిందికి దించి, ముడి విప్పి, బంతిరేకులు దోసిట్లోకి తీసుకుని, "ఇప్పుడు లాగుండ్రి సార్" అన్నాడు. జెండా విచ్చుకునే పైకి వెళ్లింది. ఆహ్వానంలో 'పతాకావిష్కరణ' అని రాసింది నేనే.