జేబులో పట్టే చిన్న రివాల్వర్ ఏది మంచిది? ముందు జేబు సంగతి మర్చిపోండి

విజయవాడ వన్‌టౌన్‌లో బంగారం వ్యాపారం చేసే తమ్ముడొకడు అడిగాడు, లైసెన్స్ చేతికొచ్చిందంట, ప్యాంటు జేబులో పెట్టుకుంటే పక్కోడికి కూడా తెలియకూడదు, అంత చిన్న రివాల్వర్ ఏది తీసుకోమంటారు అని. మాది గుంటూరు, మిర్చి యార్డులో కమిషన్ వ్యాపారం, మా మేనమామ రోజుల నుంచి ఇంట్లో లైసెన్స్ ఉంది, ఇప్పుడు నా పేరు మీద కూడా ఉంది, అందుకని ఇది వీడియోలు చూసి చెప్పే మాట కాదు. తమ్ముడూ నువ్వు ఏ గన్ అని అడుగుతున్నావు, నేను అసలు జేబే వద్దంటున్నా.

ఈ జేబు పిచ్చంతా అమెరికా వీడియోల నుంచే వచ్చింది. వాళ్లకి రూగర్ ఎల్‌సీపీ అని 300 గ్రాములు కూడా లేని పిస్టల్ 2008 నుంచి ఉంది, స్మిత్ అండ్ వెస్సన్ 642 అని ఐదు తూటాల రివాల్వర్ ఉంది, దానికి హ్యామర్, అంటే తూటాని కొట్టి పేల్చే సుత్తి లాంటిది, బయటికే రాదు, బాడీ లోపలే ఉంటది. అవి జేబు కోసమే చేసినవి, ఒప్పుకుంటా. కానీ మనకెక్కడివి? మామూలు మనిషి విదేశీ గన్ తెప్పించుకోవడం 1980ల మధ్యలోనే ఆగిపోయింది, అంతకు ముందు వచ్చిన పాత సరుకే చేతులు మారుతూ లక్షలు పలుకుతా ఉంటది. 9 ఎంఎం నిషేధిత బోర్ (బోర్ అంటే గొట్టం లోపలి సైజు), మన లైసెన్స్‌కి రాదు. అంటే మనం కూర్చుని మాట్లాడుకోవాల్సింది .32 బోర్ గురించి, .22 బోర్ గురించి, అంతే. అక్కడి వీడియో చూసి ఇక్కడ కొందామనుకుంటే ఎట్టా?

మనవాళ్లు ఎక్కువగా కొనేది కాన్పూర్ సర్కారు ఫ్యాక్టరీది. పాత .32 రివాల్వర్ ఉంది, ఆరు తూటాలు, బ్యారెల్ మూడు అంగుళాలు, మధ్యకి విరిచి లోడ్ చేసే రకం. 2014లో నిర్భీక్ అని వచ్చింది, టైటానియం కలిపిన లోహం, 500 గ్రాములు, ఆడవాళ్ల కోసం అని ప్రచారం చేసి 1,22,000 పైన ధర పెట్టారు, ఆ రేటుకి మధ్యతరగతి ఆడపిల్ల ఎవరు కొంటదో నాకైతే ఇప్పటికీ అర్థం కాదు. 2023 ఆగస్టులో ప్రబల్ వచ్చింది, ఇది సిలిండర్ (తూటాలు పెట్టే గుండ్రటి తిరిగే భాగం) పక్కకి తెరుచుకునే రకం, తూటాలు లేకుండా 700 గ్రాములు, పొడవు 177 మిల్లీమీటర్లు, అంటే ఏడు అంగుళాలు. ఒకసారి నీ ప్యాంటు జేబు లోతు టేపు పెట్టి కొలుచుకో. ఇంక బెంగాల్‌లో ఇషాపూర్ ఫ్యాక్టరీ వాళ్ల నిడర్ ఉంది, .22, బరువు 250 గ్రాములే. జేబుకి పట్టేది నిజంగా అదొక్కటే, కానీ నేను దాన్ని నమ్మను. .22 తూటా రిమ్‌ఫైర్, అంటే నిప్పు అంటించే మందు తూటా వెనక అంచులో ఉంటది, టిక్‌మని ఊరుకునే తూటాలు .32 కంటే అందులోనే ఎక్కువ. పెద్ద చెయ్యి ఉన్నోడికి ఆ పిడి సరిగ్గా దొరకదు కూడా. నన్నడిగితే .32 రివాల్వర్, బరువు భరించగలిగితే ప్రబల్, డబ్బు ఉండి బరువు వద్దనుకుంటే నిర్భీక్. గన్ సంగతి ఇంతటితో అయిపోయింది.

ఇప్పుడు జేబు ఎందుకు వద్దంటన్నానో చెప్తా.

నోట్ల రద్దుకి ముందు సంగతి. అప్పట్లో యార్డు లావాదేవీలు చాలావరకు చేతి డబ్బే. నేనూ మావయ్యా చిలకలూరిపేటలో ఒక పార్టీ దగ్గర బాకీ వసూలు చేసుకుని రాత్రి పొద్దుపోయాక గుంటూరు బయల్దేరాం, నేను డ్రైవింగ్, ఆయన నా పక్కన ముందు సీట్లో, డబ్బు సంచి కాళ్ల దగ్గర. మావయ్య కుడి జేబులో కాన్పూర్ .32. యడ్లపాడు దాటాక రెండు బైకులు వెనక పడ్డాయి. మొదట పట్టించుకోలేదు, హైవే కదా ఎవరి దారి వాళ్లది అనుకున్నాం. కాసేపటికి ఒకటి ముందుకెళ్లి ఊరికే బ్రేకులు వేయడం మొదలెట్టింది, రెండోది మావయ్య వైపు వచ్చి అద్దం మీద దబదబా కొడుతున్నారు, వెనక కూర్చున్నోడి చేతిలో ఏదో రాడ్ లాంటిది ఉంది.

మావయ్య చెయ్యి జేబులోకి వెళ్లింది. వెళ్లింది కానీ బయటికి రాలా. ఎందుకంటే, మన కార్లలో పక్క సీట్లో కూర్చున్నోడికి సీటు బెల్టు ఎడమ భుజం మీదుగా వచ్చి కుడి తుంటి దగ్గర లాక్ అవుతది, అంటే కుడి జేబు సరిగ్గా ఆ బకిల్ కింద ఇరుక్కుంటది. కూర్చున్నాక ప్యాంటు తొడ మీద ఎట్టాగూ బిగుసుకుంటది. దానికి తోడు ఆ జేబులోనే గోడౌన్ తాళాల గుత్తి, చేతిరుమాలు. ఆయన నడుము పైకి లేపి లాగుతున్నాడు, హ్యామర్ కొక్కెం జేబు లోపలి గుడ్డలో దిగబడింది, లాగేకొద్దీ గన్ జేబులోనే తిరిగిపోయింది. నాకు రోడ్డు మీద ఒక కన్ను, ఆయన జేబు మీద ఒక కన్ను. గొట్టం ఎటు చూస్తుందో తెలియదు, ఆయన తొడ వైపో, నా వైపో. "మావయ్యా తియ్యొద్దు, చెయ్యి బయటికి తియ్యి, నేను చూసుకుంటా" అని అరిచా. "ఒరేయ్ అబ్బాయ్ నువ్వు బండి ఆపమాకు" అని ఆయన. కాస్త ముందు పెట్రోలు బంకు లైట్లు కనపడ్డాయి, నాలుగైదు లారీలు ఆగి ఉన్నాయి, వేగం తగ్గించకుండా సరాసరి లారీల మధ్యలోకి తిప్పేసి హారన్ మీద చెయ్యి పెట్టి తియ్యలేదు. డ్రైవర్లు, క్లీనర్లు గుంపుగా వచ్చేశారు. బైకులు గుంటూరు వైపు వెళ్లిపోయినయ్.

ఆ తర్వాత మావయ్య బెల్టు తీసి కిందకి దిగి నిలబడితే కూడా అది ఒక పట్టాన రాలేదు. చివరికి లారీ క్లీనర్ దగ్గర బ్లేడు అడిగి జేబు కోసి తీశాం. హ్యామర్‌కి గుడ్డ చుట్టుకుని ఉంది, తాళాల గుత్తి రింగు ట్రిగ్గర్ గార్డ్‌లో దూరి ఉంది. అది చూసి నాకు చెమటలు పట్టాయి. ఆయన పాతకాలం మనిషి, హ్యామర్ కింద గది ఖాళీ పెట్టి ఐదే తూటాలు వేసేవాడు, ఆ జాగ్రత్త మంచిదే, కానీ ట్రిగ్గర్‌ని తాళం రింగు లాగితే సిలిండర్ తిరిగి తర్వాతి తూటా హ్యామర్ కిందకి వస్తది, ఇంక ఖాళీ గది ఏం కాపాడుతది?

అందుకే అంటన్నా, ఎంత చిన్న గన్ అన్నది తర్వాతి మాట, కూర్చున్నప్పుడు చేతికి వస్తదా లేదా అన్నది మొదటి మాట. వ్యాపారం చేసేవాడు రోజులో నిలబడేది ఎంతసేపు? కొట్లో కుర్చీ, కార్లో సీటు, స్కూటర్ మీద సీటు. అమెరికా వీడియోలో వాడు నిలబడి, వదులు ప్యాంటు వేసుకుని, ఏసీ గదిలో చూపిస్తాడు. మే నెలలో మన గుంటూరు ఎండకి ప్యాంటు తొడకి అంటుకుపోయి ఉంటది, అప్పుడు తీసి చూపించమను.

మావయ్య ఆ తర్వాత ఎడమ నడుము ముందు వైపు హోల్‌స్టర్‌కి (గన్ పెట్టుకునే ఒర) మారాడు, పిడి కుడి చేతి వైపు వచ్చేట్టు. తోలు పనివాడి చేత గన్ కొలతకి కుట్టించాం. పక్క సీట్లో కూర్చున్నా బకిల్ అడ్డం రాదు, వదులు చొక్కా పైన వదిలేస్తే ఎవరికీ కనపడదు. నేనూ అదే వాడుతున్నా. చట్టం కూడా ఇదే చెప్తుంది, చాలామందికి తెలియదు. 2016 ఆయుధ నియమాల ప్రకారం బయట తిరిగేటప్పుడు చేతి తుపాకి ఒంటికి తగిలించిన హోల్‌స్టర్‌లోనో, సంచి లాంటి దాంట్లోనో ఉండాలి, పూర్తిగా కప్పి ఉండాలి, నీ అదుపులో ఉండాలి. జేబులో తాళాలతో పాటు పడేసుకుని తిరగడం అందులో ఎక్కడా లేదు. అట్టాగే నడుముకి కనపడేట్టు కట్టుకుని పెళ్లిళ్లకి వచ్చేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుద్ది, ఫంక్షన్ హాల్లో పిల్లలు పరిగెత్తుతుంటారు, ఈయన చొక్కా పైకి మడిచి పిడి చూపిస్తా ఉంటాడు. ఊరేగింపులో గాల్లోకి కాల్చేవాళ్లు ఇంకో రకం. 2019లో ఆయుధ చట్టానికి చేసిన సవరణ తర్వాత అట్టా సంబరానికి కాల్చి ఎదుటివాళ్ల ప్రాణం మీదకి తెస్తే రెండేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. ఇట్టాంటి వాళ్ల వల్లే నిజంగా అవసరం ఉన్నోడి అప్లికేషన్ కూడా అనుమానంగా చూస్తారు.

ఇంకో బాధ కూడా చెప్పుకోవాలి. ఎన్నికల కోడ్ వచ్చినప్పుడల్లా గన్ స్టేషన్‌లో జమ చెయ్యమంటారు. రూల్ సరే, 2024లో కూడా చేశాం. కానీ తిరిగి తెచ్చుకున్నప్పుడు చూస్తే బ్యారెల్ లోపల తుప్పు చుక్కలు. జమ చేసే ముందు నూనె గుడ్డతో బాగా తుడిచి, లోపల పూసి, ఇచ్చేటప్పుడు గన్ పరిస్థితి రసీదు మీద రాయించుకోండి. తుప్పు అంటే గుర్తొచ్చింది, జేబుకి ఇది కూడా ఒక దెబ్బ. చెమట ఉప్పుకి లోహం చాలా తొందరగా పాడవుద్ది. మా యార్డులో అయితే మిర్చి దుమ్ము ఒకటి, జేబులోకి చేరి నూనెకి అంటుకుని సిలిండర్ సందుల్లో ముద్దలాగా తయారవుద్ది, వారానికోసారి తియ్యకపోతే తిరగడమే బరువైపోద్ది. నువ్వు బంగారం కొట్టు కాబట్టి మిర్చి ఘాటు లేదు, చెమట మాత్రం కృష్ణా అవతలా ఇవతలా ఒకటే.

ఇంత చెప్పినా నాకు జేబే కావాలి అంటావా, అప్పుడు జేబు కోసం చేసిన హోల్‌స్టర్ తప్పనిసరిగా కొను. ట్రిగ్గర్ మొత్తం మూసుకుపోవాలి, పైన గరుకుగా ఉండి జేబు గుడ్డని పట్టుకోవాలి, లేకపోతే గన్‌తో పాటు అదీ బయటికొస్తది. ఆ జేబులో ఇంకేం ఉండకూడదు, చిల్లర కూడా. రెడీమేడ్ ప్యాంటు జేబు ఈ బరువుకి నెల తిరక్కుండా చిరిగిపోద్ది, టైలర్ చేత మందం గుడ్డతో లోతుగా కుట్టించుకో, నోరు వెడల్పు పెట్టమను. తీసేటప్పుడు బొటనవేలు హ్యామర్ మీద పెట్టి తియ్యడం అలవాటు చేసుకో, కొక్కెం గుడ్డకి తగలదు, చూపుడు వేలు మాత్రం ట్రిగ్గర్ జోలికి పోకూడదు. ఇదంతా ఖాళీ గన్‌తో, తూటాలు వేరే గదిలో పెట్టి, ఒకటికి రెండుసార్లు తెరిచి చూసుకున్నాకే. తూటాలు లైసెన్స్ మీద రాసినన్నే, కాబట్టి రేంజ్‌లో ఇష్టమొచ్చినట్టు కాల్చి నేర్చుకునే వీలు లేదు. మనకి సాధన అంటే చాలావరకు ఈ ఖాళీ గన్ సాధనే.

అనుభవం ఉన్నోడికి ఏం కాదులే అనుకోవద్దు. 2024 అక్టోబరు 1న ముంబైలో హిందీ నటుడు గోవిందా లైసెన్స్ రివాల్వర్ ఇంట్లోనే కింద పడి పేలి ఆయన కాల్లోకే తూటా దిగింది. అది జేబులో కాదు, బీరువా దగ్గర. అదే కూర్చున్నప్పుడు తొడ పక్కన జరిగితే పెద్ద రక్తనాళం అక్కడే ఉంటది.

షాపుకి వెళ్లేటప్పుడు నువ్వు రోజూ వేసుకునే ప్యాంటూ చొక్కా వేసుకునే వెళ్లు, లైసెన్స్ పట్టుకెళ్లు. ఖాళీ గన్ అడిగి, డీలర్ ముందే తెరిచి చూసుకుని, జేబులో పెట్టుకుని కుర్చీలో కూర్చుని తీసి చూడు, తర్వాత నడుము హోల్‌స్టర్‌లో పెట్టుకుని అదే కుర్చీలో మళ్లీ చూడు. డీలర్ విసుక్కుంటే వేరే షాపుకి పో. అంత డబ్బు పోసి కొనేవాడివి, కూర్చుని చూసే హక్కు నీకుంది.