కథలు రాయడం కాదు, దిద్దడమే ఇష్టమంటోంది

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ సెకండియర్, ఎంపీసీ. ఏడాదిగా పది పదిహేను మంది పిల్లలతో కలిసి ఒక ఊహాలోకం మీద ఇంగ్లీషులో ఫాంటసీ కథలు అల్లుతోంది. తను రాసేది తక్కువ. మిగతావాళ్ళ కథలు దిద్దడం, బాగోగులు చెప్పడం తన పని. రాత్రి ఒంటిగంట దాకా అదే లోకం. ఎడిటర్‌నే అవుతానంటోంది. ఇది బతుకుతెరువు అవుతుందా? నాకు టెన్షన్‌గా ఉంది. తను రాసిన నోట్సు రెండు పంపుతున్నాను. (ఒక తల్లి, తెనాలి)

జవాబు: అమ్మా, ఉద్యోగాల సంగతి కాసేపు పక్కన పెట్టి, ముందు ఆ రెండు నోట్సు చూద్దాం. ఆమెలో ఏముందో అవే చెబుతున్నాయి.

మొదటి దాంట్లో ఇలా రాసింది: ‘ఈ కనుమ ఆరు నెలలు మంచుతో మూసుకుపోతుందని మూడో కథలో చెప్పాం. ఇక్కడ నడి చలికాలంలో గుర్రాలు దాటుతున్నాయి. నెల మారుద్దామా, దారి మారుద్దామా?’ ఇది చదివి నాకు చాలా సంతోషం వేసింది. పదిమంది ఒకే లోకాన్ని పంచుకుని రాస్తున్నప్పుడు ఒకరు చెప్పిన మాట ఇంకొకరి కథలో తప్పిపోకూడదు. మీ అమ్మాయి ఆ తేడా పట్టుకుంది. పట్టుకుని ఊరుకోకుండా రెండు దారులు చూపించి, నిర్ణయం రాసినవాళ్ళకే వదిలింది. ఎవరూ నేర్పకుండానే ఇది వచ్చిందంటే మామూలు విషయం కాదు.

రెండోది: ‘ఈ పాత్ర నాకస్సలు నచ్చలేదు. నేనైతే వీణ్ణి దొంగగా రాసేదాన్ని.’ ఇక్కడ ఆమె ఎడిటర్ కుర్చీలోంచి లేచి రచయిత కుర్చీలో కూర్చుంది. నచ్చకపోవడం తప్పు కాదు. కానీ ఎక్కడ, ఎందుకు నచ్చలేదో చెప్పకపోతే ఆ రాసిన పిల్లాడు చేయగలిగింది ఏమీ లేదు. ‘రెండో పేజీలో తమ్ముడి కోసం జైలుకు వెళ్ళినవాడు, ఐదో పేజీలో అదే తమ్ముణ్ణి పట్టిచ్చాడు. మధ్యలో అతని మనసు ఎక్కడ విరిగిందో నాకు అందలేదు’ అని రాసి ఉంటే ఆ పిల్లాడు ఆ రాత్రే కూర్చుని సరిచేసుకునేవాడు. నేను నడిపిన ఒక శిబిరంలో ఇలాంటి తొందర మాట ఒకటి పడితే వారించలేకపోయాను. ఆ కుర్రాడు మళ్ళీ కథ తీసుకురాలేదు. అందుకే ఈ విషయం ఇంత గట్టిగా చెబుతున్నాను. అమెరికాలో 1956లో మొదలైన మిల్‌ఫర్డ్ రచయితల శిబిరంలో ఒక పద్ధతి ఉంది. కథ చదివినవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు తమ మాట చెబుతారు. అందరిదీ అయ్యేదాకా రాసినవారు నోరు విప్పరు. ఆ పిల్లల్ని కూడా ఇలా చేసి చూడమనండి. ఎదుటివారు మౌనంగా వింటున్నారని తెలిస్తే మాట దానంతట అదే జాగ్రత్తపడుతుంది.

ఇక ‘ఇదీ ఒక పనేనా’ అన్న మీ భయం. చందమామలో బేతాళ కథలు మీరూ చదివే ఉంటారు. మూలంలో ఉన్నవి పాతిక కథలే. అవి అయిపోయాక కూడా విక్రమార్కుడు ఏళ్ళ తరబడి శవాన్ని మోస్తూనే ఉన్నాడంటే, ఎందరో పంపిన కథల్ని ఆ చట్రంలో ఇమిడ్చినవాళ్ళు ఉన్నారు. ప్రతి కథా ఒక చిక్కుముడి దగ్గర ఆగాలి, బేతాళుడు ప్రశ్న అడగాలి, రాజు మౌనం చెదరాలి, శవం మళ్ళీ చెట్టెక్కాలి. ఎవరు రాసినా ఆ లోకం నియమం తప్పకూడదు. 1952 నుంచి 1980లో కన్నుమూసేదాకా చందమామలో వచ్చిన కథల్ని దిద్ది, తిరగరాసిన మనిషి కొడవటిగంటి కుటుంబరావు. మీ తెనాలి మనిషే. సంపాదకుడిగా ఆయన పేరు పత్రికలో ఉండేది కాదు. అయినా మూడు తరాల పిల్లలకు తేట తెలుగు అలవాటు చేసింది ఆ చెయ్యే. ఇంగ్లీషులో అయితే 1987లో మొదలైన ‘వైల్డ్ కార్డ్స్’ ఉంది. ఒకే లోకం, ఎందరో రచయితలు, జార్జ్ ఆర్. ఆర్. మార్టిన్ సంపాదకత్వం. ముప్పై సంపుటాలు దాటింది.

అయినా ఉన్నమాట దాచను. ఫాంటసీ కథలు మాత్రమే దిద్దుతూ ఇల్లు గడుపుకునేవాళ్ళు మన దగ్గర చాలా తక్కువ. తెలుగు పుస్తకాల్లో చాలావాటికి ప్రూఫ్ చూసే మనిషి ఉంటారు తప్ప, కథతో కూర్చునే ఎడిటర్ ఉండరు. నన్ను బాధపెట్టే విషయం ఇది. ఆ లోటు తీర్చే మనిషి మన భాషకు కావాలి కాబట్టి, ఆమెను నెలకు ఒక్క తెలుగు కథైనా దిద్దమనండి.

జీతం వచ్చే దారులు వేరే ఉన్నాయి. చెన్నై, పుదుచ్చేరిలలో విదేశీ జర్నల్స్‌కు, పాఠ్యపుస్తకాలకు కాపీ ఎడిటింగ్ (భాష, వాక్యాలు దిద్దే పని) చేసే కంపెనీలున్నాయి. పని కథలంత రుచిగా ఉండదు గానీ చెయ్యి తిరుగుతుంది. హైదరాబాద్‌లో గేమ్ స్టూడియోలున్నాయి. గేమ్‌కు కథాలోకం కట్టేచోట ఆ కనుమ నోటు లాంటి చూపు కావాలి. సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో టెక్నికల్ రైటర్ల పని, అంటే ఆ సాఫ్ట్‌వేర్ ఎలా వాడాలో వివరంగా రాసే పని కూడా చూడండి. లెక్కలు, సైన్సు అర్థమై, వాక్యం శుభ్రంగా రాయగలిగినవాళ్ళు అక్కడ తేలిగ్గా దొరకరు. అందుకే ఎంపీసీ వృథా అయిందని ఆమెను అనుకోనివ్వకండి. ఇంజినీరింగ్‌లో చేరినా ఈ దారి మూసుకుపోదు. లేదు, భాషే చదువుతానంటే ఇఫ్లూలో (ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం) బీఏ ఇంగ్లీషు ఉంది. డిగ్రీ తర్వాత ఇగ్నో వారి బుక్ పబ్లిషింగ్ పీజీ డిప్లొమా, కోల్‌కతాలో సీగల్ పబ్లిషింగ్ స్కూల్ ఎడిటింగ్ కోర్సు ఉన్నాయి. ఫీజులు, తేదీలు ఆ ఏటి నోటిఫికేషన్‌లోనే చూసుకోండి.

సర్టిఫికెట్ కన్నా ముందు అడిగేది నమూనా. రాసినవాళ్ళ అనుమతి తీసుకుని, తను దిద్దకముందు పేజీ, దిద్దాక పేజీ, ఆ మార్పుకు కారణం పక్కపక్కన పెట్టి ఐదు జతలు దాచుకోమనండి. ఆ లోకానికి ఒక ఖాతా పుస్తకం కూడా రాయమనండి. ఊళ్ళ పేర్ల స్పెల్లింగులు, నదులు, రాజుల వరస, ఏ కథలో ఏ నెల, అన్నీ అందులో ఉండాలి. ఎడిటర్లు దీన్నే స్టైల్ షీట్ అంటారు.

ఒంటిగంట దాకా మేలుకోవడం మాత్రం నేనూ ఒప్పుకోను. ఈఏపీసెట్ అయ్యేదాకా వారానికి ఒక్క కథ, అదీ ఆదివారం పగలు. ఈ మాట మీరు చెబితే పోట్లాడుతుందేమో. నేను చెప్పానని ఈ జవాబు చూపించండి. పరీక్ష రాసిన వారం తర్వాత ఆ ఐదు జతల్లో రెండు నాకు పంపమనండి. చదివి, నా నోట్సు రాసి తిరిగి పంపుతాను.