దొడ్డి నడిపేవాళ్లు: పాఠకుల ప్రశ్నలు, పశువైద్యుని జవాబులు

కబేళాకు వెళ్తున్న లారీలోంచి దింపిన ఎడ్లను మొదటి వారం రోజులు ఎలా చూసుకోవాలో గత సంచికలో రాశాను. ఆ తర్వాత వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం ఎడ్ల గురించి కాదు, వాటిని చేరదీసే మనుషుల గురించే. అందువల్ల ఈసారి శీర్షిక మొత్తాన్ని వారికే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: వట్టిపోయిన గేదెలను, కాలు విరిగిన ఎడ్లను, ఎవరికీ అక్కరలేని దూడలను తెచ్చి, కన్నుమూసే దాకా సాకే ఈ ఆశ్రయాలను ఎలాంటి మనుషులు నడుపుతారు? వాళ్లు బాగా డబ్బున్నవాళ్లా, లేక సన్యాసులా? (ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం)

జవాబు: ఆ రెండూ కానివాళ్లే నాకు ఎక్కువగా తారసపడ్డారు. వ్యవసాయ పశువుల ఆశ్రయాల ప్రస్తావన వస్తే ప్రపంచమంతటా మొదట చెప్పుకునేది అమెరికాలోని ఫామ్ శాంక్చువరీని. జీన్ బావర్, లోరీ హ్యూస్టన్ అనే ఇద్దరు యువ కార్యకర్తలు 1986లో దానిని మొదలుపెట్టారు. పెన్సిల్వేనియాలోని లాంకాస్టర్ పశువుల సంత వెనుక, చచ్చిన పశువులను పడేసే గుట్టలో ప్రాణంతో ఉన్న ఒక గొర్రె వారి కంటపడింది. పశువైద్యుడి దగ్గరకు తీసుకువెళితే ఆ గొర్రె లేచి నిలబడింది. హిల్డా అని పేరు పెట్టుకున్న ఆ గొర్రె ఆ తర్వాత పదేళ్లకు పైగా బతికింది. అప్పుడు ఆ ఇద్దరి దగ్గర ఆస్తులేమీ లేవు. గ్రేట్‌ఫుల్ డెడ్ అనే సంగీత బృందం కచేరీలు జరిగే చోట వ్యాను నిలిపి, శాకాహార హాట్‌డాగ్‌లు అమ్మగా వచ్చిన డబ్బుతో తొలినాళ్ల ఖర్చులు వెళ్లదీశారు. న్యూయార్క్ రాష్ట్రంలోని వాట్కిన్స్ గ్లెన్‌లో వారికి సొంత పొలం సమకూరింది ఆ తర్వాతే.

మన దగ్గరకు వస్తే, పుట్టపర్తిలో కరుణ సొసైటీని 2000లో స్థాపించిన క్లెమెంటీన్ పావ్స్ నెదర్లాండ్స్ నుంచి వచ్చిన మహిళ. చెత్తకుప్పల మీద తిరిగే ఆవుల కడుపుల్లో పేరుకుపోయిన ప్లాస్టిక్ సంచులను శస్త్రచికిత్స చేసి తీయించడంతో ఆమె ఆగలేదు. ఆ సంచులు అక్కడికి ఎందుకు చేరుతున్నాయని నిలదీస్తూ, ఆ సంస్థ 2012లో సుప్రీంకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం వేసింది. విశాఖపట్నంలో ప్రదీప్ కుమార్ నాథ్ 1996లో స్థాపించిన వీఎస్‌పీసీఏ అనే జంతు సంరక్షణ సంస్థ ఉంది. మథుర దగ్గర రాధాకుండ్‌లో, అందరూ సుదేవి మాతాజీ అని పిలిచే జర్మన్ మహిళ ఫ్రెడెరికె ఇరీనా బ్రూనింగ్ వెయ్యికి పైగా జబ్బు ఆవులను సాకుతూ వచ్చారు. బెర్లిన్‌లో తనకున్న ఆస్తి మీద వచ్చే అద్దెను కూడా ఆమె ఆ పశువుల మేతకే ఖర్చుపెట్టేవారు. 2019లో ఆమెకు పద్మశ్రీ వచ్చింది.

వీరందరిలో నాకు కనిపించిన పోలిక దయాగుణం ఒక్కటే కాదు, ఎందుకంటే దయ చాలామందికి ఉంటుంది. తెల్లవారుజామున లేచి పేడ ఎత్తడం, అదే పని మర్నాడు, ఆ మర్నాడు, ఇరవై ఏళ్ల పాటు చేయడం వీరికి విసుగు పుట్టించదు. లారీని ఆపి ఎడ్లను దింపిన రోజు ఫొటోలు తీయడానికి పదిమంది వస్తారు. ఆరో నెలలో అదే ఎద్దు డెక్కకు పుండు పడినప్పుడు కడగడానికి మిగిలేది దొడ్డి నడిపే మనిషి ఒక్కరే.

ప్రశ్న: గోశాలకూ ఈ ఆశ్రయాలకూ తేడా ఏమిటి? మా ఊళ్లో పూర్వం బందెలదొడ్డి ఉండేది. ఇదీ అలాంటిదేనా? (ఒక పాఠకుడు, తెనాలి)

జవాబు: బందెలదొడ్డి శిక్ష కోసం పెట్టినది. చేలో పడి మేసిన పశువును అక్కడ కట్టేసేవారు, యజమాని జరిమానా కట్టి విడిపించుకునేవాడు. 1871 నాటి పశువుల చొరబాటు చట్టం ఆ దొడ్లకు ఆధారం. గోశాలలలో పలు రకాలున్నాయి. కొన్నింటిలో పాడి ఉంటుంది, దేశవాళీ జాతుల అభివృద్ధి కోసం చూలు కట్టిస్తారు, పాలూ నెయ్యీ అమ్ముతారు. అది తప్పని నేననను. అయితే శరణాలయం అనదగిన చోట సంతానోత్పత్తి ఉండదు, పశువును అమ్మడం ఉండదు, దాని నుంచి రాబడి ఆశించడం ఉండదు. కోడెలకు విత్తులు నొక్కించి, ఆడ పశువుల నుంచి వేరుగా ఉంచుతారు. బయట దిక్కులేని దూడలు ఇన్ని ఉండగా లోపల కొత్త దూడను పుట్టించడం ఎందుకన్నది వారి వాదన. ఈ ఒక్క విషయం అడిగితే చాలు, మీరు చూస్తున్నది ఏ రకం సంస్థో తేలిపోతుంది.

ప్రశ్న: నేను బ్యాంకు ఉద్యోగం నుంచి పదవీ విరమణ చేశాను. ఊరికి దగ్గరలో బోరుతో సహా రెండెకరాల పొలం ఉంది. ఇరవై పశువులతో ఆశ్రయం ప్రారంభించాలని నా భార్యా నేనూ అనుకుంటున్నాము. మీ సలహా ఏమిటి? (ఒక పాఠకుడు, నల్లగొండ)

జవాబు: మీరు రాసిన నాలుగు పేజీల ఉత్తరంలో కొట్టం కొలతలు ఉన్నాయి, బోరు లోతు ఉంది, గేటు మీద రాయించదలచిన పేరు కూడా ఉంది. గడ్డి మాట మాత్రం ఎక్కడా లేదు. బ్యాంకులో పనిచేసినవారు కనుక లెక్కతోనే మొదలుపెడదాము. ఎదిగిన పశువుకు రోజుకు దాదాపు ఆరు కిలోల ఎండుగడ్డి వేసుకుంటే ఇరవై పశువులకు 120 కిలోలు, ఏడాదికి సుమారు 44 టన్నులు అవుతుంది. పచ్చిమేత దీనికి అదనం. నీళ్లు సరిపోయినంత కాలం ఒక ఎకరంలో వేసిన నేపియర్ గడ్డి ఆ పచ్చిమేతలో పెద్ద భాగం తీరుస్తుంది, కానీ ఎండుగడ్డి కొనక తప్పదు. కోత యంత్రాలు వచ్చాక వరిగడ్డి పొలంలోనే చెదిరిపోతోంది. దానిని కట్టలు కట్టించి ఇంటికి చేర్చే ఖర్చు భరించలేక రైతులు తగలబెడుతున్నారు. కోతలకు ముందే వెళ్లి, నిప్పు పెట్టవద్దని నలుగురు రైతులతో మాట్లాడుకుని గడ్డి కట్టించుకోగలిగినవారి దొడ్డి నిలబడుతుంది. మాఘమాసంలో గడ్డివాము వేసుకోనివారు వైశాఖంలో మూడింతల ధర పెట్టి కొంటారు. వేసవిలో ఒక్కో పశువుకు యాభై లీటర్ల చొప్పున తాగే నీరే రోజుకు వెయ్యి లీటర్లు కావాలి. కొట్టం కడగడానికయ్యే నీళ్లు వేరు.

ఇక ఆయుష్షు. మీ దగ్గరకు వచ్చే నాలుగేళ్ల జెర్సీ కోడె మరో పదిహేనేళ్లు బతకవచ్చు. (మూపురం సరిగా లేక కాడి నిలవదు, మన ఎండకు తట్టుకోదు. అందుకే పుట్టిన నాటి నుంచీ అది ఎవరికీ అక్కరలేనిది అవుతుంది.) మీ వయసు అరవై దాటింది. మీ తర్వాత దాని పలుపు ఎవరి చేతిలో ఉంటుందో కాగితం మీద రాసిపెట్టకుండా మొదటి పశువును తేవద్దని నా మనవి. ఈ మాట కటువుగా అనిపిస్తే మన్నించండి. నడిపే మనిషి మంచాన పడగానే పశువులన్నీ మళ్లీ సంతకు వెళ్లిన దొడ్డిని నేను చూశాను.

మరొకటీ చూశాను, అది ఇంతకన్నా బాధాకరమైనది. ముప్పై పశువులకు సరిపోయే కొట్టంలో, వచ్చిన ఎవరినీ కాదనలేక, మూడో వేసవికి నూటికి పైగా చేర్చుకున్న ఒక పెద్దమనిషి వద్దకు నేను వైద్యానికి వెళ్లేవాణ్ని. ఆయనంత మెత్తని మనసున్నవారు అరుదు. ఇంటి స్థలం అమ్మి మరీ గడ్డి కొన్నారు. అయినా బలమైన పశువులు తొట్టి దగ్గర బలహీనమైన వాటిని పొడిచి తరిమేవి, మేత అందనివి పడిపోయేవి, పడినవాటిని లేపడానికి మనుషులు చాలేవారు కాదు. కొత్తగా వచ్చిన పశువును విడిగా కట్టే చోటు లేక గాలికుంటు వ్యాధి లోపలికి ప్రవేశించినప్పుడు కొట్టమంతా కుంటింది. ఆకలితో చనిపోయిన ఆ పశువులను చూశాక, దొడ్డి నడపడానికి అన్నింటికన్నా ముందు అలవరచుకోవలసింది గేటు దగ్గర నిలబడి "చోటు లేదు" అని చెప్పడమేనన్న నిర్ణయానికి వచ్చాను. ఆ మాట చెప్పినవారిని ఊరు తిడుతుంది. పడవలసిందే.

కనుక ఇరవై అని రాశారు గానీ, మొదటి ఏడాది ఆరింటితో సరిపెట్టుకోండి. గేటుకు దగ్గరగా, మిగతా వాటికి గాలి తగలనంత దూరంలో రెండు పశువులు పట్టే విడి పాక వేయించండి. కొత్తగా వచ్చిన వాటిని కనీసం మూడు వారాలు అక్కడే ఉంచి, గాలికుంటు, గొంతువాపు టీకాలు వేయించి, ఈసుడు రోగానికి (బ్రూసెల్లోసిస్) రక్తపరీక్ష చేయించాకే లోపలికి పంపండి. ఈసుడు రోగం మనుషులకూ సోకుతుంది కాబట్టి ఈ పరీక్ష మీకోసం కూడా. పడిపోయిన పశువును మూడు నాలుగు గంటలకొకసారి పక్క మార్చాలి, లేకపోతే ఒరుపు పుండ్లు పడతాయి. రాత్రిపూట కూడా ఆ పని చేయడానికి ఒక మనిషి ఉండాలి, అతనికి సరైన జీతం ఉండాలి. సేవ అన్న పేరుతో జీతం ఎగ్గొట్టే చోట పశువు కూడా సుఖపడదు. నొప్పికి ఇంజెక్షన్ ఇప్పించేటప్పుడు డైక్లోఫెనాక్ వాడనివ్వకండి. ఆ మందు పడిన కళేబరాలను తిని రాబందులు నశించిపోవడం వల్ల 2006లోనే పశువులకు దానిని నిషేధించారు. దానికి బదులు మెలాక్సికామ్ అనే మందు ఉంది. చనిపోయిన పశువును లోతుగా పూడ్చి సున్నం చల్లడానికి పొలంలో, బోరుకు దూరంగా ఒక మూల ముందే కేటాయించుకోండి. ఎంత బాగా సాకినా ఆ మూల అవసరం పడుతుంది.

మీ భార్య అభిప్రాయం ఉత్తరంలో ఒక్క వాక్యానికి మించి లేదు. ఆమెతో మరోసారి కూర్చుని మాట్లాడండి, ఎందుకంటే ఇక మీదట మీరిద్దరూ కలిసి ఒక పెళ్లికి కూడా వెళ్లలేరు.

ప్రశ్న: పోలీసులు పట్టుకున్న పశువులను మా ఆశ్రయానికి అప్పగిస్తారు. కేసు ఏళ్ల తరబడి సాగుతుంది. మేపే ఖర్చు ఎవరిది? (ఒక నిర్వాహకురాలు, అనంతపురం జిల్లా)

జవాబు: 1960 నాటి జంతు హింస నివారణ చట్టం కింద 2017లో వచ్చిన కేసు ఆస్తి జంతువుల సంరక్షణ నియమాల ప్రకారం, కేసు తేలేవరకు మేత, వైద్యం, రవాణా ఖర్చులను నిందితుడి నుంచి రాబట్టే వీలుంది. అందుకు మేజిస్ట్రేటు ముందస్తు పూచీ కోరవచ్చు. అయితే అడగనిదే ఎవరూ ఇవ్వరు. పశువులు దిగిన రోజే ప్రభుత్వ పశువైద్యుని చేత ఒక్కో పశువు ఆరోగ్య స్థితిని రాయించుకుని, చెవి పోగు సంఖ్య వేయించి, రోజువారీ మేత ఖర్చు పుస్తకం తెరవండి. న్యాయస్థానంలో మీ కన్నీళ్ల కన్నా ఆ పుస్తకం ఎక్కువగా పనికివస్తుంది.

ప్రశ్న: అందరూ ఆవుల గురించే మాట్లాడతారు. కోళ్లకు, పందులకు ఆశ్రయాలు ఎందుకు లేవు? (ఒక విద్యార్థిని, హైదరాబాద్)

జవాబు: మంచి ప్రశ్న వేశావమ్మా. ఆవుకు భక్తి తోడుంది కాబట్టి విరాళం వస్తుంది. మన దేశంలో గేదెకు కూడా అందులో సగం రాదు, కోడి మాట చెప్పనక్కరలేదు. ఫామ్ శాంక్చువరీ వంటి చోట్ల మాత్రం పందులు, టర్కీలు, కోళ్లు మిగతా పశువులతో సమానంగా బతుకుతాయి. బ్రాయిలర్ కోడిని సాకడం ఎంతో కష్టమైన పని. ఆరు వారాలలో రెండు కిలోలకు పైగా పెరిగేలా తయారు చేసిన జాతి కాబట్టి, కడుపునిండా పెడితే బరువు మోయలేక కాళ్లు వంగుతాయి, గుండె ఆగుతుంది. అందుకని సాకేవారు దాణా తూచి, తగ్గించి పెట్టాలి. ఆకలిగా చూస్తున్న ప్రాణికి ప్రేమతోనే తక్కువ పెట్టవలసి రావడం ఈ వృత్తిలోని విచిత్రాలలో ఒకటి. గుడ్ల ఫారాలు ఏడాదిన్నర దాటాక అమ్మేసే కోళ్లను నాలుగైదు తెచ్చుకుని పెరట్లో సాకడం మాత్రం మామూలు కుటుంబానికి కూడా సాధ్యమే. మొదటి రోజుల్లో అవి నేల మీద నడవడానికి కూడా జంకుతాయి.

ప్రశ్న: వేములవాడ రాజన్నకు కోడె మొక్కు ఉంది. కోడెను ఇచ్చి రావడం పుణ్యమా, పాపమా? (ఒక పాఠకురాలు, జగిత్యాల)

జవాబు: పుణ్యపాపాలు చెప్పే అర్హత పశువైద్యుడికి లేదు. భక్తులు సమర్పించే కోడెలు గోశాలలో కిక్కిరిసిపోవడం, 2025లో వరుసగా కోడెలు చనిపోవడం, ఆపైన వాటిని రైతులకు పంపిణీ చేయడం వార్తలలో మీరూ చూసే ఉంటారు. సింహాచలం అప్పన్నకు మొక్కుగా వచ్చే దూడల విషయంలోనూ ఇలాంటి ఇబ్బందులే వచ్చాయి. తల్లి పాలు మరవని దూడను ఏ దేవుడి పేరు మీదైనా కొనుక్కుని వదిలివస్తే అది ఎక్కువ రోజులు బతకదు. గుడి కోడెను పట్టుకుని ప్రదక్షిణ చేసి, అక్కడే కట్టేసి మొక్కు తీర్చుకునే పద్ధతి ఉంది కాబట్టి దానినే ఎంచుకోండి. కొత్త కోడెకు పెట్టదలచిన సొమ్ముతో అక్కడున్న వాటికి గడ్డి కొనిపెట్టండి.

ప్రశ్న: మా పాప పుట్టినరోజుకు దగ్గరలోని ఆశ్రయానికి వెళ్తున్నాము. పశువులకు ఏం తీసుకువెళ్లాలి? (ఒక పాఠకుడు, గుంటూరు)

జవాబు: పులిహోర, పరమాన్నం, మిగిలిన అన్నం వద్దు. అన్నం ఒక్కసారిగా ఎక్కువైతే పశువు కడుపులో పులిసి, ఆమ్లం పెరిగి, రెండు రోజుల్లో ప్రాణం మీదకు వస్తుంది. పండుగల మర్నాడు నాకు వచ్చే పిలుపుల్లో సగం ఇవే. అరటిపండ్లు గెలల కొద్దీ పెట్టినా ఇబ్బందే. ముందు రోజు నిర్వాహకులకు ఫోన్ చేసి ఏం తక్కువగా ఉందో అడగండి. చాలాసార్లు ఎండుగడ్డి అంటారు, కొన్నిసార్లు పుండ్లు కడిగే మందు, దూది అంటారు. ఒకరు నాతో, ఒక పూట మనిషిని పంపితే తాను ఊరికి వెళ్లి తల్లిని చూసి వస్తానన్నారు.