నెల తప్పకముందే మొదలుపెట్టు

తల్లీ,

ఇక బిడ్డను కనాలని మీరిద్దరూ అనుకుంటున్నారని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ఎంత సంతోషమేసిందో! ముప్పై ఏళ్లు కాన్పుల వార్డులో నర్సుగా చేసినదాన్ని, ఈ సమయంలో నీకు నాలుగు మాటలు రాయకుండా ఉండలేకపోయాను.

నెల తప్పాక డాక్టర్ దగ్గరికి వెళ్దాంలే అనుకోకు. బిడ్డ మెదడు, వెన్నుపాము తయారయ్యే గొట్టంలాంటి భాగం గర్భం నిలిచిన 28 రోజుల్లోపే మూసుకుంటుంది. ఈ నెల ఇంకా రాలేదేమిటని నువ్వు రోజులు లెక్కపెట్టుకుంటుండగానే అక్కడ ఆ పని జరిగిపోతుంది. అది సరిగ్గా మూసుకోవడానికి ఫోలిక్ యాసిడ్ కావాలి. రోజుకు 400 మైక్రోగ్రాములు. కనీసం నెల ముందు నుంచి, కుదిరితే మూడు నెలల ముందు నుంచే వేసుకో. గర్భం వచ్చాక తొలి మూడు నెలలూ ఆపకూడదు. షుగర్ ఉన్నా, కొన్ని రకాల ఫిట్స్ మందులు వాడుతున్నా డోసు పెంచాల్సి రావచ్చు, అది డాక్టర్ చెప్పాలి. మాత్రల స్ట్రిప్పు టూత్‌బ్రష్ పక్కనే పెట్టుకో, మరిచిపోవు.

ఒకమ్మాయి ఇప్పటికీ నా కళ్లముందే ఉంటుంది. ఐదో నెల స్కాన్‌లో బిడ్డ వెన్నెముకలో లోపం కనబడింది. బయటికొచ్చి నా చెయ్యి పట్టుకుని, సంచిలోంచి ఖాళీ స్ట్రిప్పులు తీసి చూపించింది. "రెండో నెలలో రాసిచ్చారు, ఒక్క రోజు కూడా మానలేదు సిస్టర్" అంది. ఆమె తప్పేమీ లేదు. ముందే వేసుకోవాలని ఆమెకు ఎవరూ చెప్పలేదు, అంతే. ఆ రోజు నుంచి పెళ్లైన ప్రతి పిల్లకీ ఈ మాట చెబుతూనే ఉన్నాను.

డాక్టర్ దగ్గరికి ఇద్దరూ కలిసి వెళ్లండి. హిమోగ్లోబిన్, థైరాయిడ్, షుగర్, బీపీ, బ్లడ్ గ్రూప్ ఎలాగూ చూస్తారు. రూబెల్లా (గర్భిణికి సోకితే బిడ్డకు హాని చేసే అంటువ్యాధి), తలసీమియా (తల్లిదండ్రుల నుంచి బిడ్డకు వచ్చే రక్తపు జబ్బు) సంగతి మాత్రం నువ్వే అడుగు. రూబెల్లా టీకా గర్భంతో ఉన్నప్పుడు వెయ్యరు, ఇప్పుడు వేయించుకుంటే ఒక నెల ఆగి ప్రయత్నించాలి. తలసీమియా జన్యువు మీలో ఒక్కరికే ఉంటే భయం లేదు. ఇద్దరికీ ఉంటే మాత్రం ప్రతి కాన్పులోనూ బిడ్డకు తీవ్రమైన జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు ఉంటుంది. ముందే తెలిస్తే ఏం చేయాలో ఆలోచించుకునే వ్యవధి దొరుకుతుంది.

మందుల విషయంలో చాలా జాగ్రత్త. మొటిమలకు వాడే ఐసోట్రెటినాయిన్, ఫిట్స్‌కి ఇచ్చే వాల్‌ప్రోయేట్, కొన్ని బీపీ మాత్రలు బిడ్డకు హాని చేస్తాయి. అలాగని భయపడి నీ అంతట నువ్వు ఆపెయ్యకు. ఫిట్స్ మందు హఠాత్తుగా మానితే తల్లి ప్రాణానికే ముప్పు. డాక్టర్ వేరే మందుకి మారుస్తారు.

ఈ పేరా అల్లుడు గారికి చదివి వినిపించు. వీర్యకణాలు తయారవడానికి సుమారు రెండున్నర నెలలు పడుతుంది. అంటే ఇవాళ మానేసిన సిగరెట్ ఫలితం కనబడేది అప్పుడే. మద్యం కూడా మానెయ్యమను. నువ్వు ఒక్కదానివే మాత్రలు మింగుతూ, అతను పక్కన కూర్చుని పొగ వదులుతుంటే అది నాకు అస్సలు నచ్చదు.

మొదటి రెండు మూడు నెలల్లో గర్భం రాకపోతే టెన్షన్ పడకు, చాలామందికి అంతకంటే ఎక్కువ సమయమే పడుతుంది. 35 లోపు వయసైతే ఏడాది చూస్తారు, దాటితే ఆరు నెలలకే డాక్టర్‌ని కలవాలి.

వెళ్లేటప్పుడు ఇద్దరూ వాడే మందులన్నీ, తలనొప్పి మాత్రతో సహా, ఒక కవర్లో వేసుకుని తీసుకెళ్లండి. రిపోర్టులు రాగానే నాకు ఫోటో తీసి పంపు. హిమోగ్లోబిన్ 12 కంటే తక్కువుంటే ముందు దాని సంగతి చూద్దాం.

ప్రేమతో,
పెద్దమ్మ